రేకుల పనికొట్టమునకు లోకప్పు వేయు విధము

పూర్వము నాగలి, గుంటక, బండిచక్రము మరమ్మతు కావలసివచ్చినప్పుడు కమ్మరి కొలిమి యొద్దనో, వడ్రంగి యింటి ముందరి వేపచెట్టు నీడనో పని జరిగెడిది. నేడు రైతు పనిముట్లలో ట్రాక్టరు, నీటిమోటారు, మందు చల్లు పంపు, నూర్పిడి యంత్రము చేరినవి. వీనిని విప్పి బిగించుటకు గంటలకొలది కప్పు క్రింద కూర్చుండి పని చేయవలయును. అందుచే ననేక గ్రామములలో సంఘములును, రైతులును గుంజలు పాతి, వానిపై ట్రస్సులు నిలిపి, రేకులు కప్పి పనికొట్టములు కట్టుకొనుచున్నారు. తక్కువ వ్యయముతో త్వరగా లేచు కట్టడము గనుక నిది మంచి యేర్పాటే. కాని చైత్ర వైశాఖములలో మిట్టమధ్యాహ్నమున నట్టి కొట్టములో నొక గడియ నిలిచి చూచినవారికి దాని లోపము తెలియును. ఎండ తగులకున్నను తల మాడును. పనివాడు లేచి బయటి చెట్టు క్రిందికి పోవును. పని ఆగును.

ఈ లోపమును తీర్చుటకు రేకుల క్రింద మరియొక కప్పు వేయుట యొక మార్గము. దీనిని ఎట్లు వేయవలయునో, ఎప్పుడు వేయరాదో, సంఘము సొమ్ము వృథా కాకుండ నే జాగ్రత్తలు తీసికొనవలయునో యీ పాఠమున వివరింతుము.

1. లోకప్పు అనగా నేమి?

పై కప్పునకును పనిచేయు స్థలమునకును నడుమ, గాలికి చోటు విడిచి, సమమట్టముగా వేసిన రెండవ కప్పునే లోకప్పు అందుము. పట్టణములలో దీనిని ఫాల్సు సీలింగు అనుచున్నారు. పేరు క్రొత్తదైనను వస్తువు మనకు క్రొత్తది కాదు. పెంకుటింటిలో అటక వేసిన గది, అటక లేని గదికంటె చల్లగా నుండునని మన పెద్దల కెల్లరకు తెలియును. దుమ్ము, పురుగు రాలకుండ గొప్పవారి యిండ్లలో చాందినీ కట్టెడివారు. అటకయు, చాందినీయు లోకప్పునకు పూర్వరూపములే. రెంటికిని భేదము మాత్రము కలదు. అటక బరువు మోయును, చాందినీ మోయదు. మనము వేయబోవు లోకప్పు తన బరువును తాను మోయునే కాని దానిపై సామాను పెట్టుటకు గాని, మనుష్యు డెక్కుటకు గాని పనికిరాదు. ఈ మాట మరువరాదు.

2. లోకప్పు వలన కలుగు ప్రయోజనములు

ఎండ: మే నెలలో రామగుండము, కొత్తగూడెము ప్రాంతములందు గాలి వేడిమి 45 డిగ్రీలను దాటుట కలదు. ఎండకు కాగిన రేకు గాలికంటె నెంతయో వేడెక్కి చేయి పెట్టరాకుండ నుండును. అట్లు కాగిన రేకు కొలిమివలె తన వేడిని క్రిందికి ప్రసరింపజేయును. గాలి తగలకున్నను కొలిమి ముందు నిలిచినవాని మోము కాలుచున్నది గదా, ఇదియు నట్టిదే. కావున కొట్టమున పంకా త్రిప్పినను నెత్తిమీది మంట తగ్గదు. రేకునకును పనివానికిని నడుమ లోకప్పు అడ్డము వచ్చినచో నీ ప్రసారము తెగును. రేకు క్రింది గాలి కాగి కొప్పు దారిని బయటికి పోవును.

ఇచట నొక నియమము. నడిమి గాలికి దారి లేనిచో లోకప్పు కూడ మెల్లగా కాగి, సాయంకాలమునకు రెండవ కొలిమి యగును. పొగాకు బ్యారను కాల్చు రైతులకు దీనిని చెప్ప నక్కరలేదు. వేడి నిలువవలయునన్న తూములు మూయుదురు; తేమగాలి పోవలయునన్న తెఱతురు. పనికొట్టమునకు కావలసినది రెండవదియే. చూరు క్రింద గాలి వచ్చుటకు, కొప్పునొద్ద పోవుటకు దారులుండవలయును. అమెరికా దేశపు గృహనిర్మాణ నియమావళిలో నట్టి దారుల మొత్తము లోకప్పు వైశాల్యములో 150వ వంతునకు తగ్గరాదని కలదు. 600 చదరపు అడుగుల కొట్టమునకు నాలుగు చదరపు అడుగులు వచ్చును. మన యెండలకు దీనిని కనీసముగా నెంచి, వీలైనచో రెట్టింపు విడుచుట మేలు. అందు సగము చూరునొద్దను, సగము కొప్పునొద్దను ఉండవలయును.

చెమ్మ: మార్గశిర పుష్యములలో రాత్రివేళ ఇనుపరేకు ఆకాశమునకు తన వేడిని విడిచి, చుట్టునున్న గాలికంటెను చల్లబడును. అప్పుడు గాలిలోని తేమ రేకు లోపలివైపున బిందువులుగా పట్టి, తెల్లవారుసరికి క్రింద రాలును. కప్పు కారుచున్నదని పలువురు భ్రమపడుదురు. చిల్లు వెదకిన దొరకదు. ఆ బొట్లు పడిన చోట పానాలు తుప్పు పట్టును, వెల్డింగు కడ్డీలు తేమ తగిలి చెడును, ప్రక్కన నిలువయుంచిన యూరియా గడ్డకట్టును. లోకప్పు ఆ బొట్లను అడ్డగించును. గాలి యాడుచున్న యెడల అవి ప్రొద్దెక్కుసరికి ఆరిపోవును.

చప్పుడు: వర్షము కురియునప్పుడు రేకుల క్రింద మాట వినబడదు. బరువైన పలకతో వేసిన లోకప్పు ఈ చప్పుడును చాలవరకు తగ్గించును. కాని నున్నని గట్టి పలక క్రింద సుత్తిపోటు మ్రోత ప్రతిధ్వనించుట కూడ కలదు. కావున శబ్దవిషయమున లోకప్పు సర్వరోగనివారిణి కాదు.

3. జూబ్లీ హిల్సు స్టూడియోల వలన తెలియునది

హైదరాబాదులోని జూబ్లీ హిల్సు నేడు తెలుగు చలనచిత్రములకు నిలయమై ప్రసిద్ధికెక్కినది. రాళ్లగుట్టలుగా నున్న ఆ ప్రదేశము నివాసస్థలముగా మారుట 1960ల దశకమున నేర్పడిన సహకార గృహనిర్మాణ సంఘము కృషివలననే యని మన సంఘీయులు గుర్తుంచుకొనదగును. ఆ ప్రాంతమున స్టూడియోలు నెలకొల్పినవారిలో నిరువురు రైతుబిడ్డలు. కృష్ణా జిల్లా రామాపురమున రైతు కుటుంబమున జన్మించిన అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను 1976లో ప్రారంభించిరి. కారంచేడున రైతు కుటుంబమున జన్మించిన దగ్గుబాటి రామానాయుడు ఫిల్ముగనరులో తమ పేరిట స్టూడియో కట్టించిరి.

స్టూడియోలో చిత్రములు తీయు పెద్దశాలను ఫ్లోరు అందురు. సామాన్యముగా ఫ్లోరు అనునది, ఇంద్రభవనము వంటి దృశ్యములు లోపల కానవచ్చినను, నిర్మాణములో మన పనికొట్టమునకు పెద్దన్న వంటిదే. ఎత్తైన స్తంభములు, వానిపై ట్రస్సులు, ఆపైని కప్పు. కాని దాని లోపలివైపున మెత్తని సరకు పఱచి వేడిని, చప్పుడును ఆపుదురు. దీనినుండి మనము మూడు పాఠములు గ్రహింపవచ్చును.

మొదటిది: బరువైన దీపములు, నడకపలకలు, కప్పీలు అన్నియు ట్రస్సులనుండియే వ్రేలాడును, లోపలి పూతసరకునుండి యేదియు వ్రేలాడదు. మన పంకాలు, దీపములు కూడ నట్లే యుండవలయును.

రెండవది: గోడలతో కూడిన గదివలె కనబడు సెట్టునకు తరుచుగా పైకప్పు ఉండదు, ఏలయనగా దీపముల వెలుగు పైనుండి రావలయును. కప్పు కనబడవలసిన దృశ్యమున పలుచని బట్ట బిగింతురు. 1941లో వెలువడిన సిటిజన్ కేన్ అను అమెరికా చిత్రమున నట్టి బట్టకప్పులు వాడి, వాని పైని మైకులు దాచి సంభాషణలు గ్రహించిరి. బట్ట పైనున్న మైకునకు క్రింది మాట వినబడినదన్నచో, బట్ట శబ్దము నాపదని తేలినది గదా! గోనెపట్టా గాని, టార్పాలిను గాని కట్టి వానచప్పుడు తగ్గునని తలచువారు దీనిని గమనింపవలయును. చప్పుడు నాపునది బరువు. ప్రతిధ్వనిని మ్రింగునది మెత్తదనము. రెండును వేరు.

మూడవది నిప్పు: 2017 నవంబరులో అన్నపూర్ణ స్టూడియోలో మంటలు చెలరేగి, ‘మనం’ చిత్రమునకై వేసిన సెట్టు దగ్ధమైనది. కర్ర, ప్లైవుడ్డు, బట్ట మొదలగు తేలికసరకుతో కట్టినదేదియైనను మంటకు త్వరగా లోబడును. వెల్డింగు రవ్వలు చిమ్ము పనికొట్టములో నెత్తిమీద నేమి కట్టుచున్నామో ఆలోచింపక కట్టరాదు.

4. పనికి పూర్వము పరీక్షింపవలసినవి

గుంజలు: నేలలో పాతిన కర్రగుంజకు ప్రమాదస్థలము నేలమట్టముననే యుండును. అచట తడియు గాలియు రెండును తగులుటచే కర్ర చివుకును, చెదలు పట్టును. గుంజ చుట్టును జానెడు లోతు త్రవ్వి, సన్నని ఇనుపచువ్వతో పొడిచి చూడవలయును. చువ్వ దిగినచో గుంజ మార్చిన తరువాతనే లోకప్పు మాట. రాతికంబములైనచో చెదల భయము లేదు గాని, తూకపుగుండు వ్రేలాడదీసి యొరగినవేమో చూడవలయును. నల్లరేగడి నేలలలో నీ పరీక్ష మరింత యవసరము, ఏలయనగా నా నేల వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు వాఱును. గుంజ కదలిన రేకు వంగి యూరకుండును. లోకప్పు పలక మాత్రము పగులును.

కప్పు: కారుచున్న కప్పు క్రింద లోకప్పు వేయుట పుండు మాన్పక పైని కట్టు కట్టుట వంటిది. వర్షకాలమున కొట్టములో నిలిచి, నీరు కారుచోట్ల రేకుపై సుద్దతో గుర్తులు పెట్టవలయును. వానలు వెనుకబట్టిన తరువాత ఆ మేకుల రబ్బరు వాషరులు మార్చి, చిల్లులు పూడ్చి, మరియొక వానకు పరీక్షింపవలయును.

ఆస్‌బెస్టాస్ రేకులు: పాతకొట్టములు పెక్కింటికి ఈ సిమెంటురేకులే కలవు. ఆస్‌బెస్టాస్ నూగు పీల్చినవారికి క్యాన్సరు కలుగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించియున్నది. కావున లోకప్పు వ్రేలాడదీయుటకై ఈ రేకులకు రంధ్రములు వేయరాదు, కోయరాదు, పొడిగా నుండగా రుద్దరాదు, చీపురుతో ఊడ్వరాదు. తప్పనిసరియైనచో నీటితో తడిపి, ముక్కునకు తగిన ముసుగు ధరించి పని చేయవలయును. మరియు నట్టి రేకుపై అడుగిడిన మనుష్యుడు కూలి పడుట తఱచు. మరమ్మతునకెక్కువారు ట్రస్సులపై ఆనునట్లు పలకలు పఱచుకొని, వానిపైననే నడువవలయును.

ఎత్తు: లోకప్పు వేసిన తరువాత నేలనుండి కనీసము పదునొకండు అడుగులుండిన మంచిది. ట్రాక్టరు పందిరి తగులకుండవలయును. పొడవైన గొట్టము నిలువుగా త్రిప్పవలయును. పంకా రెక్కలు నేలకు ఎనిమిది అడుగులకు మీదనే తిరుగవలయును. ఇంత ఎత్తు రాని కొట్టమునకు లోకప్పు వలదు.

5. బరువు లెక్క

ఇదియే యీ పాఠమున ముఖ్యభాగము. పలుచని ఇనుపరేకు చదరపు మీటరునకు నాలుగు కిలోలే తూగును. ట్రస్సులు కట్టిన కమ్మరి ఆ బరువును, గాలిదెబ్బను మాత్రమే తలచి కట్టియుండును. లోకప్పు పలకయు చట్రమును కలిసి రేకునకు మూడు నాలుగు రెట్లు తూగవచ్చును.

ఉదాహరణము: ముప్పది అడుగుల పొడవు, ఇరువది అడుగుల వెడల్పు గల కొట్టము తీసికొందము. పది అడుగుల కొక జత చొప్పున నాలుగు జతల గుంజలు, నాలుగు ట్రస్సులు కలవు. వైశాల్యము 600 చదరపు అడుగులు, అనగా సుమారు 56 చదరపు మీటర్లు. ఆరు మిల్లీమీటర్ల సిమెంటు పీచుపలక చదరపు మీటరునకు సుమారు ఎనిమిది కిలోలు. పలకల బరువు 450 కిలోలు. కట్టెచట్రమునకు సుమారు 400 కిలోలు. మొత్తము 850 కిలోలు. బస్తా 75 కిలోల లెక్కన పదునొకండు బస్తాల వడ్లకు పైమాట! ఇన్ని బస్తాలను ఆ ట్రస్సులనుండి వ్రేలాడదీయుటకు మీరు సమ్మతింతురా? ఈ ప్రశ్న వేసికొన్న పిమ్మటనే పని తలపెట్టవలయును.

ఈ బరువు సమముగా పంచబడదు. నడిమి ట్రస్సులు రెండును మూడవవంతు చొప్పున నొక్కొక్కటి సుమారు 280 కిలోలు, చివరి ట్రస్సులు అందు సగము మోయును. గుంజల కిది లెక్కలోనిది కాదు. ట్రస్సు అడుగుకమ్మికి మాత్రము లెక్కలోనిదే. అడుగుకమ్మి సాగదీతను ఓర్చుటకు పెట్టబడినది. నడుమ బరువు వ్రేలాడదీసిన వంగును. కావున బరువును కమ్ములు కలియు కీళ్లయొద్దనే ఆనింపవలయును. ట్రస్సు సన్నని గొట్టములతో చేసినదైనచో ఇంజనీరుకు చూపి, ఆయన సమ్మతి వ్రాతమూలకముగా పొందక పని సాగింపరాదు. కట్టెకు బదులు జింకుపూత గల పలుచని ఇనుపచట్రము వాడినచో మొత్తము బరువు 600 కిలోల చేరువకు దిగును.

6. ఏ సరకు మేలు?

జిప్సముపలక: చూచుటకు సొంపు, మంటకు త్వరగా లొంగదు, ఏలయనగా జిప్సములో బరువుకు అయిదవవంతు నీరు లీనమై యుండును, మంట తగిలినప్పుడు ముందుగా నా నీరు ఆవిరి కావలయును. కాని తడి తగిలిన మెత్తబడి వ్రేలబడును. నాలుగు గోడలు గల గదికి తగును. తెఱపి కొట్టమునకు తగదు.

సిమెంటు పీచుపలక: ఆస్‌బెస్టాస్ లేని రకమును అడిగి తీసికొనవలయును. తడికి ఓర్చును, చెదలు పట్టదు, మండదు. బరువును పెళుసుదనమును దీని లోపములు. పనికొట్టమునకు మేము దీనినే యుత్తమముగా నెంచుచున్నాము.

ప్లైవుడ్డు: తేలిక, గట్టి. కాని మండును, చెదలు పట్టును. వెల్డింగు జరుగని కొట్టమునకు మాత్రమే.

వెదురుతడిక, ఈతచాప: గ్రామముననే దొరకును, చల్లదనమిచ్చును, మేదరుల చేతికి పని కల్పించును. విత్తనములు శుద్ధిచేయు కొట్టమునకో, కూర్చుండు సావడికో మంచివి. నిప్పురవ్వ యున్నచోట పనికిరావు.

థర్మోకోలు: చౌకయని పలువు రాశపడుదురు. మంట తగిలినచో కరిగి, మండుచున్న బొట్లుగా క్రింద రాలి, నల్లని పొగ క్రమ్మును. మనుష్యులు పనిచేయు కొట్టములో దీనిని బయటికి కనబడునట్లు ఎన్నడును వాడరాదు.

వీనితోడ రేకుల క్రింద మెరుగు అల్యూమినియము పొర నొకదానిని, రేకునకు రెండంగుళముల యెడముగా, మెరుగువైపు క్రిందికుండునట్లు పఱచిన మేలు. మెరుగు తలము వేడిని మిక్కిలి తక్కువగా విడుచును. మీది తలముపై దుమ్ము పడి గుణము చెడునుగాని క్రింది తలము శుభ్రముగా నుండును. అందుకే ఈ నియమము.

7. పని జరుపు క్రమము

పై యుదాహరణములోని కొట్టమునకే లెక్క చెప్పుదుము. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పలకలు తీసికొనినచో, వెడల్పున అయిదు, పొడవున అయిదు, వెరసి 25 పలకలు కోత లేకుండ సరిపోవును. పగులుటకు మూడు అదనముగా, 28 తెప్పింపవలయును.

మొదట మట్టము. పారదర్శకమైన సన్నగొట్టములో నీరు నింపి, ఒక మూలను గుర్తించిన ఎత్తును తక్కిన మూలలకు తెచ్చుకొనవలయును. గొట్టములో గాలిబుడగ లేకుండ చూచుకొనవలయును. గుర్తులనడుమ రంగునూలు బిగించి కొట్టిన నాలుగువైపుల గీత యేర్పడును.

రెండవది నిలువుకట్టెలు. రెండంగుళముల వెడల్పు, నాలుగంగుళముల లోతు గల పదియడుగుల కట్టెలు, నాలుగంగుళముల వైపు నిలువుగా నుండునట్లు, ట్రస్సునుండి ట్రస్సునకు, రెండడుగుల ఎడమున అమర్పవలయును. ఇరువది అడుగుల వెడల్పునకు పదునొకండు వరుసలు, మూడంకణములకు 33 కట్టెలు. కట్టెలన్నియు బాగుగా ఎండినవై, చెదలమందు పూసినవై యుండవలయును. పచ్చికట్టె వేసిన వేసవిలో మెలిదిరిగి పలకలను చీల్చును. ట్రస్సులపై బరువు కీళ్లకు చేరునట్లు, కట్టెల క్రింద నొక ఇనుపకోణమును కీలునుండి కీలునకు ఆనించుట మంచిది.

మూడవది అడ్డకట్టెలు. పలకల కొసలు కలియుచోట, అనగా పొడవున ఆరడుగులకొక వరుస, రెండు కొసలతో కలిసి ఆరు వరుసలు. వరుసకు పది చొప్పున అరువది చిన్నకట్టెలు.

నాలుగవది తీగలు. పలక లెక్కింపక పూర్వమే విద్యుత్తు గొట్టములు, పంకా కొక్కెములు అమర్చి, పంకాలను ట్రస్సు కీళ్లకే తగిలింపవలయును.

అయిదవది పలకలు. కొట్టము నడుమనుండి మొదలిడి రెండు వైపులకు పోవలయును. పలక పలకకు నడుమ రెండు నాణెముల మందము సందు విడువవలయును; ఎండకు, తేమకు పలక సాగి ముడుచుకొనుట కిది చోటు. మరలు అంచునకు అర అంగుళము లోపల, మూలకు రెండంగుళముల యెడముగ, తొమ్మిదంగుళములకొకటి బిగింపవలయును. పలకకు సుమారు 35, మొత్తము 875. తొమ్మిది వందలు తెప్పించిన చాలును. మేకులు వలదు. మేకు పట్టు గాలికి వదలును, మర వదలదు. పీచుపలకను కోయునప్పుడును నూగు లేచును. ముసుగు ధరించి, ఆరుబయట కోయవలయును.

ఆరవది తలుపు. ఒక మూలను రెండడుగుల చదరపు తలుపు విడువవలయును. పైని తీగ చెడినను, రేకు కారినను చూచుటకు దారి యిదియే. దీనిని విడువక మూసివేసినవారు పిదప మంచి పలకను పగులగొట్టుకొందురు.

తుదను సందులపై పట్టీలు కొట్టి, తెల్లసున్నము గాని తెల్లరంగు గాని పూసిన కొట్టమున వెలుగు హెచ్చును; పగటివేళ దీపము అవసరము తగ్గును.

8. గాలివాన, ఎలుక, నిప్పు

నాలుగు వైపుల గోడలు లేని కొట్టములోనికి గాలివాన దూరినప్పుడు, గాలి లోకప్పును క్రిందనుండి మీదికి తన్నును. చట్రములో ఊరక పెట్టిన పలకలు ఆకులవలె ఎగిరిపోవును. కోస్తా జిల్లాలలో ఆశ్వయుజ కార్తికములందు తుపానులు వచ్చుట యెరిగినదే. కావున తెఱపి కొట్టములకు మరలతో బిగించిన పలకయే తగును. గాలి వీచువైపున గోడయో, తడికయో కట్టుట మరింత మేలు.

గాలికై విడిచిన దారులన్నిటికిని పావు అంగుళపు కన్ను గల ఇనుపజాలి కొట్టవలయును. లేనిచో ఎలుకలు చేరి తీగలు కొఱుకును. ఎలుకల వెంట పాములు వచ్చును. గబ్బిలములు, కందిరీగలు కూడ చీకటి తావును వెదకికొని వచ్చును.

విద్యుత్తు తీగలకు లోకప్పు పైని అతుకులు పెట్టరాదు. తీగలన్నియు గొట్టములలోనే నడువవలయును. భూమికి విద్యుత్తు లీకైనచో తక్షణమే ఆపు పరికరమును ప్రధానపలకయందు అమర్పవలయును. వెల్డింగు చేయుతావున పొగ మీదికి లేచి లోకప్పు క్రింద నిలిచిపోవును. పూర్వము రేకుల సందులనుండి పోవుచుండిన పొగకు నిప్పుడు దారి లేదు. అచట గోడలో బయటికి లాగు పంకా యొకటి తప్పక పెట్టవలయును, లేదా వెల్డింగును ఆరుబయటనే చేయవలయును. లోకప్పు వేసి పొగదారి మరచిన కొట్టము పనివాని ఊపిరితిత్తులకు హాని చేయును. ఇసుకబాల్టీలు, మంట నార్పు సిలిండరు ద్వారమునొద్ద ఉండవలయును.

9. లోకప్పు అక్కరలేని సందర్భములు

ప్రతి కొట్టమునకును లోకప్పు కావలయునని మా యభిప్రాయము కాదు. ఏడాదిలో వేసవి రెండు నెలలు మాత్రమే బాధయైనచో, ముందుగా రేకులపైని తెల్లపూత పూసి చూడవలయును. తెల్లని తలము ఎండను త్రిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినదియు నీ సూత్రము పైననే. పూతకు పిదప కొప్పునొద్ద గాలిదారి తెఱచి, పడమటివైపున వేపయో కానుగయో నాటవలయును. ఇంతటితో బాధ తీరినచో పదునొకండు బస్తాల బరువును తలపై నెత్తుకొననేల? వీనివలన తీరనప్పుడు, గుంజలు గట్టివై, ట్రస్సు ఓర్చునదై, ఎత్తు చాలినదై, కొట్టము దినమంతయు పనిచేయునదైనచో లోకప్పు వేయుట సార్థకము.

10. సంఘములు పాటింపవలసిన పద్ధతి

కొట్టము సంఘముదైనచో సొమ్ము సభ్యులందరిది. కావున ముందుగా కొలతలతో అంచనా వ్రాయించి సభలో చదువవలయును. మువ్వురియొద్ద ధరలు తెప్పింపవలయును. ధర యడుగునప్పుడు పలక రకము, మందము, చట్రము, మరల ఎడము, జాలి, తలుపు అన్నియు కాగితమున వ్రాసి యడుగవలయును. ‘చదరపు అడుగునకు ఇంత’ అని మాత్రమే అడిగినచో ఒకడు మేకులతోను, ఒకడు మరలతోను లెక్కకట్టును; తక్కువ ధర మేలని మోసపోవుదుము. పూర్తియైన తలమును కొలిచి, కొలతపుస్తకమున నెక్కించి, ఇరువురు సభ్యులు సంతకము చేసిన తరువాతనే సొమ్ము చెల్లింపవలయును. పదవవంతు సొమ్మును మొదటి వర్షకాలము గడచువరకు నిలిపియుంచుటకు ఒప్పందములో వ్రాయించుకొనుట మంచిది.

కాలవిషయమున: శ్రావణ భాద్రపదములలో కారుచోట్లు గుర్తించి, కార్తికముతో తుపానుల భయము తీరిన పిమ్మట కప్పు బాగుచేసి, పుష్య మాఘములలో లోకప్పు వేసినచో ఉగాదినాటికి కొట్టము సిద్ధమగును. ఎండలు ముదిరిన తరువాత తొందరపడి మొదలిడిన పని సరిగా సాగదు.

సమావేశములలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన కొట్టపు గుంజలు నేలమట్టమున ఎట్లున్నవి? ఎవరు, ఎన్నడు పరీక్షించిరి?

2. మన కొట్టపు పొడవు వెడల్పులనుబట్టి లోకప్పు బరువు ఎన్ని బస్తాలగును? నడిమి ట్రస్సు వంతు ఎంత?

3. చూరునొద్దను, కొప్పునొద్దను గాలిదారి ఎన్ని చదరపు అడుగులు కావలయును?

4. వెల్డింగు పొగకు ఏది దారి? మంట పుట్టినచో పనివాడు ఏ ద్వారమున బయటపడును?

5. తెల్లపూతతోను, చెట్టునీడతోను తీరని బాధ మన కొట్టమున నేమి కలదు?

ఈ యైదింటికి సమాధానము వ్రాసికొనిన సంఘము లోకప్పు వేసినను, వేయకున్నను సరియైన నిర్ణయమునే చేసినదగును. పని చేయువాడు చల్లగా, నిర్భయముగా కూర్చుండిననాడే రైతు యంత్రము వేళకు బాగుపడును. వేళకు బాగుపడిన యంత్రమే అదను తప్పని సేద్యమునకు ఆధారము.